కొత్త మోడల్ వస్తోందట, మీరు మాత్రం ఆగకండి

ఆఫీసుకి ల్యాప్‌టాప్ కొందామనుకోగానే మనవాళ్ళు ముందు ఫోన్ చేసేది హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్న మేనల్లుడికి. "ఇప్పుడే తొందరపడకు మావయ్యా, కొత్త చిప్‌తో కొత్త మోడల్ వస్తోంది, ఒక్క మూడు నెలలు ఆగు" అంటాడు. అభిమానంతో చెప్పిన మాటే. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉన్నాయనా, పర్చూరు వైపు జిన్నింగు మిల్లు నడిపే ఆయనా, కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూసే మేనేజరూ ఆ మాట పట్టుకుని ఆగుతారు. ఆగి నష్టపోతారు.

నేను ఇక్కడ రాస్తున్నవి ఆ మేనల్లుడి సలహాలకి అడ్డం తిరిగేవి. చదవగానే ఇవేం తలకిందుల సలహాలు అనిపిస్తాయి. కొత్తది వచ్చిన వారం పాతది కొనమంటాను. సన్నగా ఉన్నది వద్దు, కాస్త లావుగా ఉన్నదే తెచ్చుకోమంటాను. ప్రాసెసర్ సంగతి ఆఖర్న చూడమంటాను. ప్రతిదానికీ కారణం ఉంది. ఆ కారణాలన్నీ ఈ పత్తి, మిరప నేల మీద వ్యాపారం నడిచే తీరులోంచి వచ్చినవే.

విడుదల తేదీ మర్చిపోండి, మీ సీజను చూసుకోండి

కంప్యూటర్ కంపెనీలు కొత్త సరుకు చాలావరకు జనవరిలో ప్రకటిస్తాయి. లాస్ వేగాస్‌లో ఆ నెల మొదట్లో సీఈఎస్ అనే పెద్ద ప్రదర్శన జరుగుతుంది. 2025 జనవరిలో డెల్ కంపెనీ ఏళ్ళ తరబడి ఆఫీసులన్నిటికీ అలవాటైన లాటిట్యూడ్ పేరు తీసేసి డెల్ ప్రో అని కొత్త పేర్లు పెట్టింది. 2026 జనవరిలో ఇంటెల్ పాంథర్ లేక్ చిప్‌లు తెచ్చింది. ఆ వార్త చూసే మేనల్లుడు మీకు ఆగమని చెప్పేది.

ఇప్పుడు జనవరిలో మన దగ్గర ఏం జరుగుతుందో చూడండి. పత్తి తీతలు ఇంకా నడుస్తుంటాయి, మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. 2025-26 సీజనులో సీసీఐ పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర ఇచ్చింది. రైతు కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు పెట్టుకుని వస్తే సరుకు దిగే మిల్లులో ఆ పూట కంప్యూటర్ మొండికేయడానికి వీల్లేదు. అటు యార్డుకి కొత్త మిర్చి రావడం మొదలై, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో టిక్కీలు రోడ్డు మీదకి వస్తాయి. లాస్ వేగాస్‌లో ప్రకటించిన మెషీన్ ఇక్కడి షాపుకి నికరంగా చేరేది సరిగ్గా ఆ తొక్కిసలాటలోనే. అప్పుడు కొంటారు. సగం రాత్రి కూర్చుని ట్యాలీ డేటా కొత్త దాంట్లోకి ఎక్కిస్తారు. తెల్లారి ప్రింటర్ డ్రైవర్ పడదు, రైతు పట్టీ కోసం ఎదురుగా నిలబడి ఉంటాడు.

మనకి కొనడానికి మంచి రోజులు మే చివరి నుంచి సెప్టెంబరు దాకా. మేలో యార్డుకి మామూలుగా వేసవి సెలవులు ఇస్తారు. పత్తి అప్పటికి ఇంకా విత్తనంలో ఉంటుంది, మిల్లు ఖాళీ. జనవరిలో ప్రకటించిన మోడళ్ళలో మొదట బయటపడే లోపాలకి, అంటే నిద్రలోంచి లేవకపోవడం, ఫ్యాను అనవసరంగా తిరగడం లాంటి వాటికి, కంపెనీలు బయోస్ అప్‌డేట్లు ఇవ్వడం కూడా ఈ నెలల్లోపు చాలావరకు అయిపోతుంది.

ఇంకొకటి, దీన్ని మీ ఆడిటరే ముందు చెప్పాలి కానీ అడిగితే తప్ప చెప్పరు. కంప్యూటర్ మీద ఆదాయపు పన్ను లెక్కలో ఏడాదికి 40 శాతం తరుగుదల వస్తుంది. అయితే ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే అందులో సగమే ఇస్తారు. మార్చి 31 నుంచి వెనక్కి లెక్కేసుకుంటే, సెప్టెంబరు ఆఖరులోపు కొని వాడకంలో పెట్టిన మెషీన్‌కి పూర్తి తరుగుదల వస్తుంది. మార్చి నెలాఖరులో హడావుడిగా బిల్లు చేయించుకున్న దానికి 20 శాతం. బిల్లు కొట్టు పేరు మీద, మీ జీఎస్టీ నంబరుతో ఉండాలి. ల్యాప్‌టాప్ మీద పన్ను 18 శాతం. అర్హత ఉన్నవాళ్ళు దాన్ని ఇన్‌పుట్ కింద తీసుకోకుండా, రెండు వేలు తగ్గుతుందని బిల్లు లేకుండా కొనడం ఎంత మాత్రం తెలివైన పని అనిపించుకోదు.

కొత్తది వచ్చిన వారం పాతది కొనండి

రాబోయే మోడల్ మాట జనం చెవిన పడితే అమ్ముతున్న మోడల్ గతి ఏమవుతుందో చెప్పే కథ ఒకటి కంప్యూటర్ వ్యాపారంలో నలభై ఏళ్ళుగా ఉంది. ఆ కథలో మనిషి మనకి మరీ దూరం వాడు కాడు. ఆడమ్ ఆస్‌బోర్న్ చిన్నతనంలో కొంతకాలం తిరువణ్ణామలైలో గడిపాడు. తండ్రి ఆర్థర్ ఆస్‌బోర్న్ రమణ మహర్షి భక్తుడు, మహర్షి గురించి పుస్తకాలు రాసిన వాడు. ఆడమ్ పెద్దయి అమెరికా వెళ్ళి 1981లో ఆస్‌బోర్న్ 1 తెచ్చాడు. చేత్తో పట్టుకుని మోసుకుపోగలిగేలా తయారై, జనం విరగబడి కొన్న మొదటి కంప్యూటర్ అది. బరువు 11 కిలోల దాకా ఉండేది, ధర 1,795 డాలర్లు. 1983లో తర్వాతి మోడల్ గురించి ముందే చెప్పడంతో డీలర్లు పాతది కొనడం ఆపేశారనీ, ఆ ఏడాది సెప్టెంబరుకల్లా కంపెనీ దివాలా తీసిందనీ అంటారు. దివాలాకి ఇతర కారణాలు కూడా ఉన్నాయని వాదించేవాళ్ళున్నారు, పోటీ కూడా తక్కువేమీ లేదు. ఏమైనా ఆస్‌బోర్న్ పేరే ఆ పరిణామానికి స్థిరపడిపోయింది. ఆస్‌బోర్న్ చివరి రోజులు కొడైకెనాల్‌లో గడిపి 2003లో అక్కడే పోయాడు.

డీలరు పాతది కొనడం ఆపాడంటే ఆ వారం పాతదాని ధర దిగుతుంది. కొనేవాడికి కావలసింది అదే గదా. పైగా నిరుడటి మోడల్‌లో ఏ లోపం ఉందో, దానికి ఏ మందు ఉందో మెకానిక్‌కి తెలుసు. విడిభాగాలు బజారులో ఉంటాయి.

మన పని ఏమిటో ఒకసారి నిజాయితీగా చూసుకోవాలి. ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్, ఈ-నామ్, బ్యాంకు, వాట్సాప్, ఎక్కడన్నా అనూ ఫాంట్లలో ఒక లెటరు. ఇవన్నీ గత ఏడాది చిప్ మీద ఎంత వేగంగా నడుస్తాయో ఈ ఏడాది చిప్ మీదా అంతే వేగంగా నడుస్తాయి. మీ గుమస్తా కన్ను ఆ తేడా పట్టలేదు.

"ఆగితే ధర తగ్గుతుంది కదా" అనే నమ్మకం కూడా 2025 ఆఖరుకి చెల్లకుండా పోయింది. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ చిప్‌లు ఎగబడి కొంటుంటే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు పెరగడం మొదలైంది. ఆ డిసెంబరులో మైక్రాన్ కంపెనీ, మనలాంటి వాళ్ళకి విడిగా ర్యామ్ అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు చెప్పేసింది. ధర వస్తుందని మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టి, అద్దె మీద అద్దె, అప్పు మీద వడ్డీ కట్టుకుంటూ కూర్చున్న రైతు లెక్క మనకి ఒకరు చెప్పక్కర్లేదు. మూడు నెలలు ఆగిన ల్యాప్‌టాప్ లెక్కా అలాగే తేలుతుంది. ఆగినన్నాళ్ళూ పాత మెషీన్ దగ్గర గుమస్తా పోగొట్టుకునే గంటలే ఆ అద్దె.

అందుకే "ర్యామ్ తర్వాత వేయించుకుందాంలే" అని కూడా అనకండి. 16 జీబీ కావాలనుకుంటే కొనేటప్పుడే 16 ఉన్నది తీసుకోండి. ఇంకో స్లాటు ఖాళీగా ఉంటే ఇంకా మంచిది. ఆ స్లాటు సంగతే ఇప్పుడు చెప్పబోయేది. దీన్ని కాస్త నిదానంగా చదవమని మనవి.

ముందు బోర్లా తిప్పండి

షాపులో ల్యాప్‌టాప్ చూపించగానే అందరూ మూత తెరుస్తారు. మీరు బోర్లా తిప్పండి. అడుగున స్క్రూలు కనిపిస్తాయా? అవి మామూలు ఫిలిప్స్ స్క్రూలేనా? కొన్ని బిజినెస్ మోడళ్ళలో ఈ స్క్రూలు విప్పినా కింద రాలిపోవు, మూతకే పట్టుకుని ఉంటాయి. తీరుబడి లేని మెకానిక్ చేతిలో స్క్రూ పోవడం, తర్వాత మూత ఒక మూల లేచి దుమ్ము దూరడం చూసినవాళ్ళకి ఆ చిన్న ఏర్పాటు విలువ తెలుస్తుంది. మూత తీసాక లోపల బ్యాటరీ స్క్రూలతో ఉందా, జిగురుతో అంటించారా? ర్యామ్ స్లాటులో ఉందా, బోర్డుకే సోల్డర్ చేశారా? ఎస్‌ఎస్‌డీ పొడుగు 2280 సైజా, 2242 పొట్టి సైజా? కీబోర్డు మార్చాలంటే మదర్‌బోర్డు అంతా విప్పాలా?

షాపువాడు కొత్త మెషీన్ విప్పనివ్వడు, అది న్యాయమే. విప్పకుండానే తెలుసుకునే దారి ఉంది. బిజినెస్ ల్యాప్‌టాప్‌లకి రిపేరు మాన్యువల్ కంపెనీయే బయట పెడుతుంది. లెనోవోలో హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అంటారు, హెచ్‌పీలో మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్, డెల్‌లో ఓనర్స్ మాన్యువల్. ఏ స్క్రూ ముందు, ఏ కేబుల్ తర్వాత, అంతా బొమ్మలతో ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. లెనోవోకి పీఎస్‌రెఫ్ అనే స్పెసిఫికేషన్ పత్రాలు కూడా ఉన్నాయి. ప్రకటనలో ఎక్కడా కనిపించని మాట అందులో సూటిగా ఉంటుంది: మెమరీ బోర్డుకి అతికించింది, స్లాట్లు లేవు, పెంచడం కుదరదు. రాబోయే మోడల్ గురించి వీడియోలు చూస్తూ గడిపే గంటలో నాలుగో వంతు ఈ పత్రం మీద పెడితే చాలు.

ఈ స్లాట్ల కథ ఎలా నడిచిందో చూస్తే కొత్తదంతా ముందడుగు అనే భ్రమ పోతుంది. థింక్‌ప్యాడ్ 1992లో ఐబీఎం మొదలుపెట్టిన పేరు, 2005లో లెనోవో చేతికి వెళ్ళింది. 2018 నాటి టీ480లో ర్యామ్‌కి రెండు స్లాట్లు. బ్యాటరీలు కూడా రెండు: ఒకటి లోపల, ఒకటి బయట. లోపలిది నడుస్తుండగా బయటిది ఊడదీసి ఇంకోటి తగిలించుకోవచ్చు, పని ఆగదు. కరెంటు పోయే ఊళ్ళో దీనికి మించిన సుఖం ఉందా? మరుసటి ఏడాది టీ490లో బయటి బ్యాటరీ పోయింది, ర్యామ్ సగం బోర్డుకి అతికింది, స్లాటు ఒక్కటే మిగిలింది. 2020లో వచ్చిన టీ14 కూడా అదే బాట. ఇంకా సన్నగా ఉండే ఎక్స్1 కార్బన్‌లో 2012 మొదటి మోడల్ నుంచీ ర్యామ్ అతికించిందే. జనం, మెకానిక్‌లు, కంపెనీల ఐటీ విభాగాలు గొడవ పెట్టగా పెట్టగా 2024లో ఐదో తరం టీ14లో రెండు స్లాట్లు తిరిగొచ్చాయి. రిపేరు సులువును లెక్కగట్టే ఐఫిక్సిట్ సంస్థ దానికి 10కి 9 మార్కులు వేసింది. కాబట్టి 2018 మెషీన్ కొన్నవాడు 2020 మెషీన్ కొన్నవాడి కంటే మేలు పొందాడు, ఆ తర్వాత 2024లో కొన్నవాడు మళ్ళీ బాగుపడ్డాడు. తారీకు చూసి కొంటే ఈ సంగతి తెలియదు.

2024 సెప్టెంబరులో వచ్చిన ఇంటెల్ లూనార్ లేక్ చిప్‌లలో అయితే మెమరీ ఏకంగా ప్రాసెసర్‌తో పాటు ఒకే ప్యాకేజీలో పెట్టేశారు. 16 లేదా 32 జీబీ, అంతకు మించి లేదు, మారదు. బ్యాటరీ బాగా వస్తుందని మెచ్చుకున్నారు, అది నిజం. రోజంతా విమానాల్లో తిరిగే వాడికి అది పనికొస్తుంది. ఏడెనిమిదేళ్ళు వాడదామనుకునే మిల్లు ఆఫీసుకి వద్దు. సన్నటి మెషీన్లలో కూడా ఊడదీసి పెట్టుకునే ఎల్‌పీక్యామ్2 అనే కొత్త రకం మెమరీ 2024లో థింక్‌ప్యాడ్ పీ1లో వచ్చింది. అది మన బడ్జెట్ మోడళ్ళలోకి దిగినప్పుడు నేనే అందరికీ చెబుతాను. నిజంగా ఎదురుచూడదగ్గ కొత్తదనం అదొక్కటే అని నా నమ్మకం.

పెంచిన డబ్బు తెర మీద పెట్టండి

ఇదే ధరలో ఐ5 బదులు ఐ7 ఇస్తామంటే ఎగిరి గంతేసేవాళ్ళు తెర గురించి అడగరు. స్పెసిఫికేషన్‌లో ఒక చిన్న మాట ఉంటుంది: 45 శాతం ఎన్‌టీఎస్‌సీ. బిజినెస్ ల్యాప్‌టాప్‌ల చౌక రకాల్లో ఎక్కువగా వచ్చేది, రంగులు తక్కువగా చూపించే ఆ తెరే. ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే ఆ తెర ముందుగా చంపేది ఎర్ర రంగునే.

మనం ఏం అమ్ముతాం? ఎరుపే అమ్ముతాం. తేజ ఎరుపు వేరు, 341 ఎరుపు వేరు, బాడిగ ముదురు ఎరుపు వేరు. తాలు కాయ తెల్లబడిన చోట తెలియాలి. చెన్నై, ఇండోర్, ముంబై పార్టీలు వాట్సాప్‌లో శాంపిల్ ఫొటో అడిగే రోజులివి. ఫోన్‌లో మంచి రంగుతో కనిపించిన ఫొటో ఆ తెర మీదకి రాగానే ఇటుక పొడిలా పాలిపోతుంది. గుమస్తా అది చూసి లాటు బాగాలేదనుకుంటాడు, లేదా రంగు సరిచేద్దామని ఎక్కించి పంపుతాడు. అవతల పార్టీకి అది మోసంలా కనబడుతుంది. అదే మోడల్‌లో 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ తెర ఆప్షన్ తరచుగా ఉంటుంది, వెలుగు 400 నిట్స్ ఉన్నది దొరుకుతుంది. షట్టరు తెరిచి ఉన్న కొట్టులో, మధ్యాహ్నం వెలుతురులో కూడా అది కనిపిస్తుంది. తెర తర్వాత మార్చుకోవడం ఖరీదు, తలనొప్పి. ర్యామ్ కన్నా, ప్రాసెసర్ కన్నా ముందు తెర ఆప్షన్ ఎంచుకోండి.

మిర్చి రంగు ఖరారు చేసేది చివరికి ల్యాబులో ఆస్టా విలువే, తెర కాదు. ఎగుమతిదారులకి ఆ సంగతి తెలుసు. కానీ బేరం మొదలయ్యేది ఫొటోతో.

లావుగా ఉన్నదే తీసుకోండి

సన్నటి ల్యాప్‌టాప్‌లో ఫ్యాను సన్నం, గాలి పోయే రేకుల సందులు ఇంకా సన్నం. జిన్నింగు మిల్లు ఆఫీసులో ఒక సీజను నడిచిన ల్యాప్‌టాప్ విప్పి చూడండి. ఫ్యానుకీ, వేడి బయటికి నెట్టే రాగి రేకులకీ మధ్య దూది నూగు పొరలు పొరలుగా అంటుకుని, చిన్న కంబళి ముక్కలా గట్టిపడి ఉంటుంది. పట్టకారుతో లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడివస్తుంది. అప్పటిదాకా "కొత్త మోడల్ కొనాలండీ, ఇది స్లో అయిపోయింది" అన్న మనిషి, ఆ ముక్క తీసి, ఆరిన థర్మల్ పేస్టు మార్చాక, అదే మెషీన్ మళ్ళీ చురుగ్గా నడుస్తుంటే తన కళ్ళని తనే నమ్మడు. వేడెక్కిన ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, అందువల్లే ఆ స్లో.

యార్డు దగ్గర దూది బదులు మిర్చి ధూళి. కోరు పట్టి మనుషులే తుమ్ముతూ దగ్గుతూ ఉండే చోట ఆ ఫ్యాను రోజంతా ఆ గాలే పీలుస్తుంది. విప్పేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోండి, కళ్ళు జాగ్రత్త. నోటితో ఊదకండి.

కాబట్టి ఏటా సీజను అయ్యాక ఒకసారి అడుగు మూత తీసి శుభ్రం చేయించడం మన ప్రాంతంలో అన్నిటికంటే చౌకైన అప్‌గ్రేడ్. మూత సులువుగా రావాలని మొత్తుకున్నది ఇందుకే.

ఎండ సంగతి. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతా వార్తల్లో వింటుంది, గుంటూరు, ఒంగోలు ఏమంత తక్కువ కావు. లిథియం బ్యాటరీకి వేడి, నిండా చార్జి, రెండూ కలిస్తే ఆయుష్షు తీరుతుంది. కొట్టులో ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే మెషీన్ బ్యాటరీ రెండేళ్ళకి ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని పైకి నెట్టడం అందుకే. బిజినెస్ ల్యాప్‌టాప్‌లలో 80 శాతం దగ్గర చార్జి ఆపే సెట్టింగు ఉంటుంది. కొన్న రోజే అది పెట్టేయండి. ఉబ్బిన బ్యాటరీతో ఒక్క రోజు కూడా నడపకండి, అది నిప్పుతో పని.

కాటా వైరు పట్టుకుని షాపుకి వెళ్ళండి

మీ ధర్మకాటా సూచీ వెనక తొమ్మిది సూదుల సీరియల్ పోర్టు ఉంటుంది. బరువు అందులోంచి కంప్యూటర్‌లోకి వస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో దాదాపు దేనికీ ఆ పోర్టు లేదు, యూఎస్‌బీ కన్వర్టర్ వైరు పెట్టుకోవాలి. చౌక వైర్లలో చాలావాటి లోపల ప్రొలిఫిక్ పాత చిప్, లేదా దాని నకలు ఉంటుంది. అది విండోస్ 7లో, 10లో నడిచింది. విండోస్ 11లో డివైస్ మేనేజర్ తెరిస్తే, ఈ రకం 2012లోనే ఆపేశాం, అమ్మినవాళ్ళని అడగండి అనే మాట కనిపిస్తుంది. అంటే ల్యాప్‌టాప్ కొత్తది, సూచీ బాగానే ఉంది, వైరు ఒక్కటే అడ్డం పడింది. లారీ కాటా మీద నిలబడి ఉంటుంది. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న వైరు కాస్త ఖరీదైనా ఒకటి తెచ్చి పెట్టుకుంటే ఈ బాధ ఉండదు.

పట్టీలు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, కంపెనీగా నమోదైన మిల్లులైతే జీఎస్టీ రిటర్ను మీద సంతకానికి వాడే డీఎస్‌సీ టోకెన్, ఇవి కూడా వెడల్పు యూఎస్‌బీ సాకెట్టు అడుగుతాయి. సన్నటి కొత్త మోడళ్ళలో ఆ సాకెట్లు ఒక్కొక్కటిగా తగ్గిపోతున్నాయి. ఈ మూడూ ఒక సంచిలో వేసుకుని షాపుకి తీసుకెళ్ళి, కొనబోయే మెషీన్‌కి తగిలించి చూడండి. షాపువాడు నవ్వితే నవ్వనివ్వండి.

ఏఐ స్టిక్కరుకి డబ్బు కట్టకండి

కోపైలట్ ప్లస్ అని పేరు పెట్టాలంటే సెకనుకి 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ఎన్‌పీయూ ఉండాలని మైక్రోసాఫ్ట్ 2024లో షరతు పెట్టింది. మన ట్యాలీ దాన్ని ముట్టుకోదు. ఉచితంగా వస్తే రానివ్వండి, దానికోసం ఆగకండి.

సెకండ్ హ్యాండ్ అంటే మొహం చిట్లించకండి

హైదరాబాదు ఐటీ కంపెనీలు ల్యాప్‌టాప్‌లు లీజుకి తీసుకుని మూడు నాలుగేళ్ళకి తిరిగి ఇచ్చేస్తాయి. అవి శుభ్రం అయి బజారుకొస్తాయి. ఏసీ గదుల్లో బతికినవి కాబట్టి లోపల దుమ్ము తక్కువ. చిన్న కమీషన్ కొట్టుకి రెండో మెషీన్‌గా ఇవి ఎంతో మేలు. అయితే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్ ఎనిమిదో తరం గానీ ఆ పైది గానీ కావాలి. నేను ఇందాక మెచ్చుకున్న టీ480 పేరు మీదే ఏడో తరం చిప్‌తో వచ్చినవీ ఉన్నాయి. పేరు చూసి మోసపోకండి, చిప్ నంబరు చూడండి.

ఇంకో రెండు పరీక్షలు కొనేముందే చేయాలి. ఆన్ చేసి బయోస్‌లోకి వెళ్ళండి. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే అక్కడే వదిలేసి వచ్చేయండి, బిజినెస్ మెషీన్లలో అది తీయడం మామూలు మెకానిక్ వల్ల కాదు. తర్వాత విండోస్ మొదటినుంచి ఎక్కించి నెట్ తగిలించండి. తెర మీద ఏదో కంపెనీ పేరు వచ్చి వాళ్ళ మెయిల్ ఐడీ అడిగితే, ఆ మెషీన్ ఆ కంపెనీ జాబితాలోంచి ఇంకా తీయలేదని అర్థం. అది ఈ రోజు మీకు నడిచినా రేపు తాళం పడొచ్చు.

వారంటీ దండగ అనకండి, కానీ పిన్‌కోడ్ చెప్పండి

"మూడేళ్ళ వారంటీ ఎందుకండీ, మన సుబ్బన్న చూసుకుంటాడు" అనే మాట మన దగ్గర మామూలే. మెకానిక్‌లు మంచివాళ్ళే, కానీ మదర్‌బోర్డు పోతే వాళ్ళు చేయగలిగింది తక్కువ. బిజినెస్ మోడల్‌కి ఆన్‌సైట్ వారంటీ ఉంటే ఇంజనీరు మీ దగ్గరికే రావాలి. గుంటూరుకి ఒక రోజులో రావచ్చు. కంభం, గిద్దలూరు, మాచర్ల వైపు అదే కాగితం మీద "మరుసటి పనిదినం" అని రాసినా మాట నిలబడదు. కొనేముందు కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీ ఊరి పిన్‌కోడ్ చెప్పి, ఎన్ని రోజుల్లో వస్తారో మెయిల్‌లో రాసిమ్మని అడగండి. రాసిస్తే ఆ కంపెనీది కొనండి, ఏ మోడల్ అయినా సరే.

పాతది ఎక్స్‌ఛేంజికి ఇవ్వకండి

కొత్తది కొంటుంటే పాతదానికి రెండు మూడు వేలు తగ్గిస్తామంటారు. ఇవ్వకండి. పాత విండోస్ 10 మెషీన్‌ని నెట్‌కి తగిలించకుండా కాటా దగ్గర పెట్టండి, అక్కడ దానికి పాత వైరుతోనే ఇంకో నాలుగైదేళ్ళ పని ఉంది. అంత పాతదై ఇక లేవకపోతే, డిస్కు ఒక్కటి ఊడదీసి ఉంచుకుని మిగిలింది అమ్మండి.

ఎందుకంటే ఆ డిస్కులో ఉన్నవి మీ లెక్కలు మాత్రమే కాదు. ఏళ్ళ తరబడి మీ కొట్టుకి సరుకు తెచ్చిన రైతుల ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, పట్టాదారు పాసుపుస్తకాల ఫొటోలు, ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చారో, ఎవరు ఎంత బాకీ ఉన్నారో అన్నీ అందులోనే ఉన్నాయి. డిలీట్ కొట్టి రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే అవి పోయాయనుకోవడం పొరపాటు. మామూలు హార్డ్ డిస్కులోంచి వాటిని తిరిగి తీసే సాఫ్ట్‌వేర్లు ఎవరికైనా దొరుకుతాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఇలాంటి కాగితాలు దగ్గర పెట్టుకున్నవాళ్ళ మీద బాధ్యత పెట్టింది. చట్టం లేకపోయినా, రైతు మనల్ని నమ్మి ఇచ్చిన కాగితం అది. డిస్కు మీద తారీకు రాసి బీరువాలో పెట్టండి. లెక్కల గడువు తీరి ఇక అక్కర్లేదనుకున్న రోజు సుత్తితో పగలగొట్టండి. పాత ఇనుము వాడికి ఇచ్చేది ఖాళీ డొక్కే కావాలి.